నడుం బిగించిన కృపారాణి

నడుం సన్నబడాలన్న కోరిక తనకు ఎప్పుడు పుట్టిందో కృపారాణికే సరిగా తెలియదు. బహుశా దర్జీ షాపులో పుట్టి ఉంటుంది. జాకెట్టు కొలతలిచ్చిన ప్రతిసారీ దర్జీ ఆవిడ టేపు చుట్టి, చూసి, "అక్కా, ఈసారి కొంచెం వదుల్తాండా" అనేది, అదేదో దయతలచినట్టు. కృపారాణి లావు మనిషి కాదు. చేతులు సన్నం, మెడ సన్నం. కూతురు సుజన పుట్టిన దగ్గర నుంచీ నడుం ఒక్కటే ఆమె మాట వినడం మానేసింది.

ఒకరోజు మధ్యాహ్నం ఆఫీసులో కరెంటు పోయి ఊరికే ఫోను చూస్తూంటే ఒక వీడియో కనబడింది. ఏ దేశపు ఆవిడో, వయసులో కృపారాణికన్నా పెద్దదే. వీపు మీద తాళ్ళు బిగించి కట్టిన కవచంలాంటిది తొడుక్కుని, కుర్చీలో నిటారుగా కూర్చుని టీ తాగుతూంది. నడుం చూస్తే రెండు చేతుల్లో ఇమిడేటట్టుంది. దాన్ని కార్సెట్ అంటారని, రోజూ కొంత కొంత బిగిస్తూ పోతే నడుం ఆ రూపానికి అలవాటు పడుతుందని ఆవిడ చెప్పింది. ఆవిడ మాటలకన్నా ఆవిడ కూర్చున్న తీరు కృపారాణికి బాగా నచ్చింది. ప్రపంచం తలకిందులైనా ఆ టీ ఒలకదు.

పార్సిలు ఇంటికి కాకుండా ఆఫీసుకు తెప్పించుకుంది. ఓర్వకల్లు దాటి రాళ్ళ గుట్టల వెనక ఉన్న పల్లెలో, గ్రామ సచివాలయంలో ఆమె డిజిటల్ అసిస్టెంటు. ఇంటికి వస్తే ఆ పార్సిలును ముందు అత్త రాహేలమ్మ విప్పుతుంది. రాహేలమ్మ విప్పిందంటే చర్చి స్త్రీల సమాజం మొత్తం విప్పినట్టే. ఆ సమాజానికి ఆమె పదేళ్ళుగా పెద్ద.

నల్లటి మందపాటి గుడ్డ, లోపల నిలువునా కుట్టిన ఉక్కు పట్టీలు, ముందువైపు కొక్కేలు, వెనక రెండు వరసల కన్నాలు, వాటిలో గుచ్చిన పొడుగాటి తాడు. మొదట్లో వదులుగా కట్టుకోవాలని, గంటో రెండు గంటలో వేసుకుని విప్పాలని, తొందరపడి బిగించకూడదని ఒక కాగితం కూడా వచ్చింది. కృపారాణి ఆ కాగితాన్ని ప్రభుత్వ ఉత్తర్వు చదివినంత శ్రద్ధగా చదివింది.

ఆ సాయంత్రం భర్త శామ్ సోలార్ ప్లాంటు నుంచి డ్యూటీ దిగి వచ్చాడు. అతను అక్కడ టెక్నీషియను.

"తలుపెయ్యి" అంది కృపారాణి.

శామ్ ఆ మాటను తన ఇష్టప్రకారం అర్థం చేసుకుని సంతోషంగా తలుపు వేశాడు. వెనక్కి తిరిగేసరికి భార్య గోడకు చేతులానించి నిలబడి ఉంది. ఒంటికి నల్లటి కవచం.

"ఏమిది కృపా? స్కూటీ మీంచి పడితివా? ఎముకేమన్నా విరిగిందా?"

"ఏం విరగల్యా. ఆ తాడు పట్టుకుని లాగు."

"లాగితే ఏమైతాది?"

"నడుం సన్నమైతాది."

శామ్ కాసేపు తల గోక్కున్నాడు. తర్వాత అతనిలోని టెక్నీషియను మేలుకున్నాడు. కన్నాలను పైనుంచి కిందికి చూసి, తాడును వేలితో మీటి చూసి, "రెండు పక్కలా సమానంగా రావాల. ల్యాకుంటే ఫ్రేము వంకరబోతుంది" అన్నాడు. అప్పటినుంచీ అతనిదే ఆ పని. అతను ఉదయం షిఫ్టుకు పోయిన రోజు మాత్రం కృపారాణి తాడు కొసను కిటికీ ఊచకు తగిలించి, నాగలి లాగే ఎద్దులా నాలుగడుగులు ముందుకు వేసేది.

ఆమెకు అందులో ఏం దొరికిందో శామ్‌కు అర్థం కాలేదు. ఆమె చెప్పలేకపోయింది గానీ దొరికింది మాత్రం నిజం. పొద్దున్నుంచీ సాయంత్రం దాకా కంప్యూటరు ముందు వంగి కూర్చునే వీపు, ఇప్పుడు వంగుదామన్నా వంగదు. ఎవరో రెండు చేతులతో నడుం పట్టుకుని, 'నేనున్నా, నిలబడు' అంటున్నట్టు ఉండేది. పింఛను పనికి వచ్చే ముసలివాళ్ళు ఇదివరకు 'ఓ పాపా' అని పిలిచేవాళ్ళు. నెల తిరిగేసరికి 'మేడం' అనడం మొదలుపెట్టారు. కొలిచి చూసుకుంటే టేపు కూడా ఆమె వైపే మాట్లాడింది.

కష్టాలూ ఉన్నాయి. కర్నూలు ఎండల్లో మామూలు బట్టలే బరువు. ఇది ఉక్కు. చెమటకాయలు లేచి మంట పుట్టేది. స్కూటీ మీద పోతూ స్పీడు బ్రేకరు వస్తే దేవుణ్ణి తలుచుకునేది. పెన్ను కింద పడితే పక్క సీటు సర్వేయరు వచ్చి తీసిచ్చేదాకా అది అక్కడే ఉండేది. తోటివాళ్ళు జోకులేస్తే నవ్వు గొంతులోనే 'హు' అని ఆగిపోయేది. అన్నిటికన్నా పెద్ద చిక్కు తిండి దగ్గర వచ్చింది. రాగి సంగటి ముద్ద రెండోది ముట్టుకునేది కాదు. మధ్యాహ్నం ఒక గ్లాసు మజ్జిగ తాగి చేయి కడిగేసుకునేది.

ఇంట్లో ఇవన్నీ గమనిస్తున్న మనిషి ఒకరున్నారు.

రాహేలమ్మ వయసులో బండల క్వారీలో పనిచేసింది, నలుగురు పిల్లల్ని కన్నది. ఊళ్ళో ఎవరు నెల తప్పినా వాళ్ళకంటే ముందు తనకే తెలుస్తుందని ఆమెకు గట్టి నమ్మకం. కోడలు సంగటి వదిలేస్తూంది. పుల్లటి మజ్జిగే తాగుతూంది. గ్యాసని నిమ్మకాయ సోడా తెప్పించుకుంటూంది. లేచేటప్పుడు నడుం మీద చేయి వేసుకుని మెల్లగా లేస్తూంది. నీళ్ళ క్యాను ఎత్తమంటే మొగుణ్ణి పిలుస్తూంది.

ఇవి చాలవన్నట్టు ఒకరోజు మూసిన తలుపు అవతల నుంచి కోడలి గొంతు వినబడింది. "మెల్లగా... మెల్లగా అంటాండా కదా... అబ్బా, ఊపిరాడల్యా... సరే, ఇంకొంచెం." రాహేలమ్మ చేతిలో చీపురు అక్కడే వదిలేసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని పెరట్లోకి పోయింది. అక్కడ చాలాసేపు తనలో తనే నవ్వుకుంది. సుజనకు తోడు ఇంకొకరు కావాలని ఆమె రెండేళ్ళుగా ప్రార్థన చేస్తూంది మరి.

మర్నాడు పక్క వీధిలో ఉన్న విశ్వాసమ్మ దగ్గరికి పోయింది. ఇద్దరిదీ చిన్ననాటి నుంచి స్నేహం.

"మా కోడలు నీళ్ళోసుకున్నట్టుండాది. మూడు నెల్లు దాటేదాకా ఎవురికీ చెప్పాకు."

"నేనెవురికి చెప్తానమ్మే" అంది విశ్వాసమ్మ నొచ్చుకుంటూ.

ఆమె మాట తప్పలేదు. నమ్మకమైన వాళ్ళకు మాత్రమే చెప్పింది. అయితే విశ్వాసమ్మ దృష్టిలో ఊరంతా నమ్మకమైన వాళ్ళే.

ఆ వారం నుంచి కృపారాణికి లోకం ఉన్నట్టుండి మంచిదైపోయింది. ఒకరు పచ్చి మామిడికాయలు తెచ్చి బల్ల మీద పెట్టిపోయారు. ఇంకొకరు చింతచిగురు పంపారు. చర్చిలో డోలక్ వాయించే గాబ్రియేలు తన భార్య చేత గిన్నెడు నిమ్మకాయ ఊరగాయ పంపించాడు. తను పింఛన్ల పని చకచకా చేసిపెడుతున్నందుకు జనం చూపిస్తున్న అభిమానం అనుకుని కృపారాణి మురిసిపోయింది.

అత్త అయితే పూర్తిగా మారిపోయింది. గిన్నెలు కడగనివ్వదు. బట్టల బకెట్టు ముట్టనివ్వదు. పొద్దున్నే ఉడకబెట్టిన గుడ్లు రెండు, గ్లాసు నిండా రాగిజావ.

"తినమ్మా, తిను. నాకు తెలుసులే."

ఏం తెలుసో కృపారాణికి అర్థం కాలేదు. బిగించిన నడుంలో రెండు గుడ్లకు చోటెక్కడిది? అయినా అత్త ముచ్చట చూసి కాదనలేక మింగేది. ఆపైన పదింటి దాకా ఆఫీసులో కళ్ళు మూసుకుని కూర్చునేది. ఇంత ప్రేమగా చూసుకుంటున్న మనిషి దగ్గర దాచడం తప్పని ఒకటి రెండుసార్లు చెప్పబోయింది కూడా. "అత్తా, నీకొక సంగతి చెప్పాల" అనగానే రాహేలమ్మ ఆమె నోటి మీద చేయిపెట్టి, "ఇప్పుడే వద్దులే తల్లీ, దిష్టి తగులుతుంది" అనేది. కార్సెట్‌కు దిష్టేమిటో కృపారాణికి తోచలేదు.

చర్చి వార్షికోత్సవం వచ్చింది. తాతల కాలంలో కట్టిన రాతి గుడి అది. కర్నూలు నుంచి, కడప నుంచి, పనులకు పోయి స్థిరపడినవాళ్ళంతా ఆ ఆదివారం ఊరికి వస్తారు. బయట షామియానా వేశారు, గుడి వెనక బిరియానీ డేగిసాలు పొయ్యి ఎక్కాయి. మొదటి పాట ఒంటరిగా పాడేది కృపారాణి. సంఘంలో ఆమె గొంతుకు పేరుంది. గాబ్రియేలు ఈసారి కొత్త పాట కట్టాడు. రెండో చరణం చివర ఒక ఎత్తు మలుపు ఉంది, అక్కడ గొంతు చాలాసేపు నిలబడాలి.

పొద్దున శామ్ తాడు పట్టుకుని నిలబడ్డాడు. మంచం మీద మీగడ రంగు పట్టుచీర సిద్ధంగా ఉంది.

"ఇంకొంచెం లాగు" అంది కృపారాణి.

"చాలు కృపా. పాట పాడాల కదా, గాలి యాడికి పోతాది?"

"పైకి పోతాది. నువ్వు లాగు. ఈ పొద్దు ఫోటోలు తీస్తారు."

తొందరపడొద్దని చెప్పిన కాగితం ఆ పూట ఆమెకు గుర్తు రాలేదు. శామ్ లాగాడు. చీర కట్టుకుని అద్దంలో చూసుకుంటే కృపారాణికి తన మీద తనకే గౌరవం కలిగింది. గుడిలోకి నడిచి వస్తుంటే కడప నుంచి వచ్చిన చుట్టాలు కూడా తలలు తిప్పి చూశారు. రాహేలమ్మ మాత్రం ఆ సన్నటి నడుం చూసి దిగులుపడింది. 'తినక ఎట్లయిపోయింది చూడు, మొదటి నెలల్లో కొందరికి ఇంతే' అని విశ్వాసమ్మ చెవిలో అంది.

పాస్టరు జ్ఞానరాజు అయ్యగారు ముందు నాలుగు మాటలు మాట్లాడారు. గుడి పైకప్పు కారుతూందని, వానలొచ్చేలోగా బాగుచేసుకోవాలని, అందుకు ప్రతి ఒక్కరూ నడుం బిగించాలని గట్టిగా చెప్పారు. రెండోసారి కూడా చెప్పారు. కృపారాణి ఊపిరి చాలక పై పైన గాలి పీల్చుకుంటూ తల ఊపింది.

తర్వాత ఆమె లేచి మైకు దగ్గరికి వెళ్ళింది. మొదటి చరణం బాగానే నడిచింది. రెండో చరణంలో గొంతు పైకెత్తి, మలుపు దగ్గర ఎప్పటిలాగే కడుపులోంచి గాలి తీసుకోబోయింది. అక్కడ గాలికి చోటు లేదు. ఇంకోసారి పీల్చింది. మెడ నరాలు లేచాయి గానీ గాలి దిగలేదు. గాబ్రియేలు డోలక్ మీద అదే దరువు తిప్పి తిప్పి వాయిస్తూ ఆమె వైపు కంగారుగా చూశాడు. కిటికీల వెలుతురు పచ్చగా, తర్వాత నల్లగా మారింది. కృపారాణి మైకు స్టాండు పట్టుకుని, దానితోపాటే మెల్లగా కిందికి జారింది.

జనం ఒక్కసారిగా లేచారు. అందరికన్నా ముందు రాహేలమ్మ పరుగెత్తుకుంటూ వచ్చి కోడలి తల ఒళ్ళో పెట్టుకుంది.

"బయపడాకండి! ఎవురూ బయపడాకండి! మా కోడలు ఒట్టి మనిషి కాదు, అంతే!"

రాహేలమ్మ గొంతుకు మైకు అవసరం లేదు. అయినా పడిన మైకు సరిగ్గా ఆమె మోకాలి దగ్గరే ఉంది. గుడి శిఖరానికి కట్టిన నాలుగు లౌడుస్పీకర్లు ఆ మాటను ఊరి మీదికి, ఊరవతల రాళ్ళ గుట్టల మీదికి పంపించాయి.

శామ్ ఆ సమయానికి వెనక బిరియానీ దగ్గర ఉన్నాడు. తను మళ్ళీ తండ్రి కాబోతున్నానన్న సంగతి అతనికి లౌడుస్పీకరు ద్వారా తెలిసింది. పక్కనున్నవాళ్ళు చేతులు కలిపారు, వీపు తట్టారు. ఏం చెప్పాలో తోచక "వందనాలు, వందనాలు" అంటూ గుడి వైపు పరుగెత్తాడు. పిల్లలున్నవాళ్ళు ఆ కంగారు చూసి ఆప్యాయంగా నవ్వుకున్నారు.

గుడి పక్కనున్న చిన్న గదిలో కృపారాణిని బెంచీ మీద పడుకోబెట్టారు. రాహేలమ్మ, విశ్వాసమ్మ తప్ప అందర్నీ బయటికి పంపి తలుపు వేశారు. రాహేలమ్మ కొంగుతో విసురుతుంటే విశ్వాసమ్మ చీర వదులు చేయడానికి కుచ్చిళ్ళ దగ్గర చేయి పెట్టింది. చేయి అక్కడే ఆగిపోయింది. వేళ్ళతో తట్టింది. టక్, టక్ మంది.

"రాహేలూ, ఈ పాప కడుపు రేకు మాదిరి ఉండాదేమే?"

ఇద్దరూ కలిసి పైట తొలగించి చూశారు. నల్లటి కవచం. రాహేలమ్మ వెనక ముడి వెతికి పట్టుకుని లాగింది. తాడు సరసరా జారింది. కృపారాణి నీళ్ళలోంచి తల పైకెత్తినట్టు గట్టిగా గాలి పీల్చుకుని కళ్ళు తెరిచింది.

"ఏమిది?" అంది రాహేలమ్మ.

"కార్సెట్టు, అత్తా."

"ఎవురు పెట్టిరి? డాక్టరా?"

"నేనే పెట్టుకుంటి. నడుం సన్నగా కావాలని."

"నీకు తెలివుందామ్మే? కడుపులో బిడ్డను పెట్టుకుని ఇనపకట్లు కట్టుకుంటారా ఎవురన్నా?"

"ఏం బిడ్డ?"

విశ్వాసమ్మ అడుగు అడుగుగా తలుపు వైపు జరిగింది.

"నువ్వు సంగటి తినకపోతివి" అంది రాహేలమ్మ. గొంతులో బలం తగ్గింది. "పుల్లమజ్జిగ తాగుతాంటివి. నడుం మీద చెయ్యేసుకుని లేస్తాంటివి..."

కృపారాణి లేచి కూర్చుంది. మామిడికాయలు, చింతచిగురు, ఊరగాయ, గుడ్లు, అన్నీ ఒకదాని వెనక ఒకటి కళ్ళ ముందుకొచ్చాయి.

"ఊరందరికీ చెప్పినావా అత్తా?"

"అందరికీ ల్యాదమ్మా" అంది విశ్వాసమ్మ తలుపు దగ్గర నుంచి. "పై వీధోళ్ళకి నేను చెప్పల్యా. వాళ్ళకే ఎట్లనో తెలిసింది."

"నా కడుపు సంగతి ఊరందరికీ తెలుసు, నాకొక్కదానికే తెలీదు!" కృపారాణికి కోపంతో కన్నీళ్ళొచ్చాయి. "నన్నొక మాట అడగొచ్చు కదా. నోరుండాది కదా నాకు."

"చెప్పేదానికి నీకూ నోరుండాది కదా. ఎవురినడిగి కట్టుకుంటివి దాన్ని?"

"నా నడుం, నేనెవురినడగాల?"

ఆ మాటకు రాహేలమ్మ గట్టిగా బదులిస్తుందని విశ్వాసమ్మ కళ్ళు మూసుకుంది. రాహేలమ్మ మాత్రం పక్కనున్న కుర్చీలో కూలబడి చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"మళ్ళా ఒక చిన్న బిడ్డనెత్తుకుంటాననుకుంటి" అంది, ఎవరితోనూ కానట్టు. "మైకులో చెప్పితి కదమ్మే. ఇప్పుడు నేను బయటికెట్ల పోయేది?"

సమాజానికి పెద్దగా, ఊళ్ళో ఎవరితోనైనా తలెత్తి మాట్లాడే మనిషి అలా చిన్నబోవడం కృపారాణి ఎప్పుడూ చూడలేదు. కోపం పోలేదు గానీ దాని పక్కన ఇంకేదో వచ్చి కూర్చుంది. బయట జ్ఞానరాజు అయ్యగారి గొంతు వినబడుతూంది. పుట్టబోయే బిడ్డ కోసం కృతజ్ఞతా ప్రార్థన మొదలుపెట్టారు. మంచి వక్త, ఆ బిడ్డ చదువు దాకా వచ్చేశారు.

"ఆపాల" అంది విశ్వాసమ్మ. "ల్యాకుంటే పెళ్ళి కూడా చేసేస్తాడు."

రాహేలమ్మ లేచింది. "నేనే పోయి చెప్తా. జారింది నా నోరే కదా." రెండడుగులు వేసి ఆగిపోయింది. చేయి తలుపు గడియ మీదే ఉండిపోయింది.

కృపారాణి చీర కుచ్చిళ్ళు సర్దుకుని, కార్సెట్ బెంచీ మీదే వదిలేసి, అత్త చేతిని మెల్లగా తప్పించి తలుపు తీసింది.

ఆమె మైకు దగ్గరికి రాగానే అయ్యగారు ప్రార్థన ఆపి పక్కకు జరిగారు.

"అందరికీ వందనాలు. నేను బాగుండా." ఒకసారి గొంతు సవరించుకుంది. "నేను ఒట్టి మనిషినే. మా అత్త పొరపాటు పడింది. ఆమె పొరపాటు పడేటట్టు చేసింది నేను. నడుం సన్నగా కనపడాలని లోపల బెల్టు మాదిరిది ఒకటి బిగిచ్చుకుంటి. గాలాడక పడిపోతి. అంతే."

ముందు వరసలో ఒక ముసలాయన పక్కవాణ్ణి 'ఏమంటాది?' అని గట్టిగా అడిగాడు.

"అయ్యగారేమో అందరూ నడుం బిగిచ్చాలని ఇప్పుడు చెప్పినారు" అంది కృపారాణి. "నేను పొద్దున్నే బిగిచ్చుకుని వచ్చినా."

మొదట నవ్వింది జ్ఞానరాజు అయ్యగారే. కళ్ళద్దాలు తీసి, చేతిరుమాలుతో కళ్ళు తుడుచుకుంటూ భుజాలు కదిలేటట్టు నవ్వారు. ఆ తర్వాత గుడి గుడంతా నవ్వింది. గోడకానుకుని నిలబడ్డ శామ్ మాత్రం నవ్వలేదు. తాడు లాగింది తనేనన్న మాట ఎక్కడ బయటపడుతుందోనని నేల చూపులు చూస్తున్నాడు.

"పాట సగంలో నిలబడిపోయింది. పాడతా" అంది కృపారాణి.

గాబ్రియేలు డోలక్ ఎత్తుకున్నాడు. చీర నలిగి ఉంది, నడుం తన మామూలు నడుమే. రెండో చరణం మలుపు దగ్గర ఆమె కడుపు నిండా గాలి పీల్చి గొంతెత్తింది. ఆ గొంతు రాతి గోడలకు తగిలి, కిటికీలు దాటి, బిరియానీ కలుపుతున్నవాళ్ళ దాకా పోయింది. గది గుమ్మంలో నిలబడి వింటున్న రాహేలమ్మ ఎవరికీ కనబడకుండా ముక్కు తుడుచుకుంది.

అయినా అత్తాకోడళ్ళ మధ్య వెంటనే ఏమీ సర్దుకోలేదు. కొన్నాళ్ళు రాహేలమ్మ కోడలితో నేరుగా మాట్లాడలేదు. "ఒరే శామూ, చారుండాదని చెప్పు" అనేది, ముగ్గురూ ఒకే చోట కూర్చుని తింటుండగా. ఉడకబెట్టిన గుడ్లు ఆగిపోయాయి. కృపారాణి తన గిన్నెలు తనే కడుక్కుంది.

ఊరు ఊరుకోలేదు. సచివాలయానికి వచ్చినవాళ్ళు "మేడం, ఈ పొద్దు బిగిచ్చినారా, వదులా?" అని అడిగి మరీ వేలిముద్ర వేసేవాళ్ళు. కృపారాణి కూడా నవ్వేసేది. మరుగున మరో తంతు నడిచింది. ఆడవాళ్ళు ఒక్కొక్కరే ఏదో సాకుతో వచ్చి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "అది యాడ దొరుకుతుంది?" అని అడిగేవాళ్ళు. విశ్వాసమ్మ కూడా వచ్చింది. తన కోసం కాదని మూడుసార్లు చెప్పింది.

రెండు వారాల తర్వాత కృపారాణి మళ్ళీ కార్సెట్ బయటికి తీసింది. ఈసారి పాటలున్న రోజు వద్దనుకుంది, ఎండ మండే వేళ వద్దనుకుంది, వేసుకున్న రోజు ఊపిరి కడుపు దాకా దిగేంత చోటు వదిలింది. దాచడం కూడా మానేసింది. చెమట ఆరడానికి దాన్ని పెరట్లో తీగ మీద, శామ్ ప్యాంటుకూ సుజన యూనిఫాంకూ మధ్య ఆరేసింది.

రాహేలమ్మ బియ్యం చెరుగుతూ దానివైపు చూసింది. ఇంకోసారి చూసింది. చేట పక్కన పెట్టింది.

"అదిట్ల తే."

చాలా రోజులకు నేరుగా అన్న మాట. కృపారాణి తెచ్చి ఇచ్చింది. రాహేలమ్మ ఒక్కో పట్టీని వేలితో తడిమింది.

"నీ కాన్పప్పుడు నేను పాత చీరతో నడికట్టు కడితే, చెమటని రెండు రోజులకే విప్పి పారేస్తివి. ఇప్పుడు పార్సిలు తెప్పిచ్చుకుని కట్టుకుంటాండావు."

"అప్పుడు నువ్వు కట్టితివి అత్తా. ఇప్పుడు నేను కట్టుకుంటాండా."

రాహేలమ్మ ఆ మాటను కాసేపు నమిలింది. "వయసులో నా నడుం నీ దానికన్నా సన్నం. క్వారీలో బండలు మోస్తాంటే ఎవురు చూస్తారు? తిండి ల్యాక సన్నం. నాకే తెలీల్యా అది బాగుండాదని." చెప్పి నవ్వింది, కానీ ఆ నవ్వు సగమే.

కృపారాణి పక్కన కూర్చుంది. "ఇంకో బిడ్డ సంగతి మేమిద్దరం ఇంకా అనుకోల్యా అత్తా. అనుకుంటే ముందు నీకే చెప్తా. మైకులో మాత్రం చెప్పాకు."

"నేనేం చెప్తానమ్మే" అంది రాహేలమ్మ అచ్చం విశ్వాసమ్మలా. ఆ సంగతి తనకే తట్టి ఈసారి నిండుగా నవ్వింది. నవ్వు ఆగాక లేచి నిలబడి, చేతులు రెండూ ఎడంగా పట్టుకుంది. "చీర మీదే కట్టు, చూద్దాం."

కొక్కేలు పట్టడానికే చాలాసేపు పట్టింది. వెనక రెండు వరసల కన్నాల మధ్య జానెడు ఎడం మిగిలింది. కృపారాణి మెల్లగా లాగింది.

"చాలా అత్తా?"

"లాగు. నేనేమన్నా పాట పాడాలా?"

ఇంకొంచెం లాగి ముడేసింది. రాహేలమ్మ బీరువా అద్దం ముందుకు పోయి నిలబడింది. క్వారీ రోజుల నుంచీ ముందుకు వంగిన వీపు లేచి నిలబడింది. పక్కకు తిరిగి చూసుకుంది. గడ్డం ఎత్తింది. కొప్పులోంచి జారిన వెంట్రుకను చెవి వెనక్కి దోపుకుంది. ఆ తర్వాత వసారాలోకి వచ్చి, మంచం మీద కూర్చోబోయి సగంలో ఆగి, చివరికి ఎలాగో నిటారుగా కూర్చుంది.

అప్పుడే శామ్ డ్యూటీ నుంచి వచ్చి గుమ్మంలో నిలబడిపోయాడు. తల్లిని చూశాడు, భార్యను చూశాడు, వచ్చిన దారినే పోదామా అని వెనక్కి చూశాడు.

"ఏంరా అట్ల చూస్తాండావు? కాళ్ళు కడుక్కో పో" అంది రాహేలమ్మ. ఊపిరి చాలక మాట మధ్యలో తెగింది. కాసేపటికి నుదుటి మీద చెమట పట్టింది. పొయ్యి మీద సంగటి వాసన వచ్చింది. ఆమె మొహంలో బాధ కనబడింది.

"విప్పేదా అత్తా? ఆకలైతాంది కదా" అంటూ కృపారాణి వెనక ముడి మీద చేయి వేసింది.

"ఆగమ్మే" అంది రాహేలమ్మ తల కదపకుండా. "శామూ, నువ్వు పోయి విశ్వాసమ్మను పిల్చకరా. అది ఇంకా చూడల్యా."